లుంబిడికి చుట్టాలు

జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా, ఇటు ముక్త్యాల నుంచి అటు చందర్లపాడు దాకా, ఒక తరంపాటు ఏ పెళ్లి జరిగినా తాళికట్టు అయిన తర్వాత మైకు ఎవరి చేతికి వెళ్లేదో అడిగి చూడండి. నెరిసిన తల ఏదైనా చెబుతుంది. చంద్రమౌళిగారి చేతికి.

పురోహితుడు పక్కకు జరిగేవాడు. తలంబ్రాల బియ్యం ఇంకా పీటల మీదే ఉండేవి. చంద్రమౌళి కండువా సర్దుకుని లేచేవారు. చేతిలో గులాబీరంగు కాగితం, దాని మీద పెళ్లి పద్యాలు. ఆయనే కట్టి, జగ్గయ్యపేటలో నన్నే సాహెబ్ ప్రెస్సులో అచ్చువేయించినవి. వధూవరుల సంగతి అటుంచండి, తాతలు, మేనమామలు, పెదనాన్నలు, బాబాయిలు, ఆడపడుచులు, తోడల్లుళ్లు, రెండు వైపులవాళ్లూ తమ తమ ఊళ్లతో, ఉద్యోగాలతో సహా ఆ పద్యాల్లోకి ఎక్కేవాళ్లు. ఎవరి పేరు వినబడితే వాళ్లు కుర్చీలో కాస్త నిటారుగా కూర్చునేవాళ్లు. పేరు దాటిపోయాక పక్కవాళ్ల వంక చూసేవాళ్లు, విన్నారా లేదా అని.

ఆయన చదువు చందర్లపాడు బళ్లో ఎనిమిదో తరగతి. మిగతా చదువంతా మిరపచేలో. అయితేనేం, 'సూపరింటెండింగ్ ఇంజనీరు' అనే మాటను గణం చెడకుండా సీసపద్యంలో కూర్చిన మనిషి ఈ చుట్టుపక్కల ఇంకొకడు పుట్టలేదు. కరెంటు పోయిన పెళ్లిలో మైకు లేకుండా చివరి బంతిదాకా వినబడేట్టు చదివారు. వియ్యాలవారు రెండు పక్షాలూ మాట్లాడుకోని పెళ్లిలో ఇద్దరు వియ్యంకుల పేర్లనూ ఒకే పాదంలో ఇరికించి, ఇద్దరిచేతా ఒకేసారి చప్పట్లు కొట్టించారు. ఆయన బీరువాలో ఉన్న శాలువాలు కప్పుకుంటే మన్యంలో చలికాలం గడిచిపోతుంది.

ఆయనకు ఒకటే సూత్రం. చుట్టం పేరు విడిచిపెట్టకూడదు. ఒకసారి గరికపాడు వైపు ఒక పెళ్లిలో పెళ్లికూతురి చిన్న బాబాయి పేరు జారిపోయింది. ఆ బాబాయి విస్తరి ముందునుంచి లేచి, చెప్పులు వేసుకుని రోడ్డెక్కాడు. చంద్రమౌళి వెనకాలే పరుగెత్తి, నడుస్తూ నడుస్తూనే పద్యం కట్టి, బస్సు ఆగే చోట ఆయన ఎదుట నిలబడి రాగం తీశారు. బాబాయి పూర్తిగా విన్నాడు. "రెండో పాదం మళ్లీ అను" అన్నాడు. తర్వాత తిరిగొచ్చి పులిహోర మారువడ్డన అడిగాడు.

ఇంత వైభవమూ డ్రోను కెమెరాలు రాగానే పోయింది. ఇప్పటి పెళ్లిళ్లలో తాళి పడగానే పైన గిర్రున ఎగిరే యంత్రం వంక అందరూ మొహాలెత్తుతారు, కింద పద్యం చదివేవాడి వంక ఎవరూ చూడరు. ఎవరైనా పాతకాలపు పెద్దమనిషి పిలిచినా, "కవిగారూ, ఒక్క పద్యం చాలండి, డీజేవాళ్లు తొందరపెడుతున్నారు" అంటాడు. ఒక్క పద్యంలో ఎంతమంది బాబాయిలు పడతారు? ఆయన వెళ్లడం మానేశారు.

అప్పటికే కాపురం జగ్గయ్యపేటకు మారింది. కొడుకు కల్యాణ్‌కి ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం, కోడలు ఉషశ్రీకి పేటలోనే బ్యాంకులో. చేలు కౌలుకిచ్చి, భార్య పుష్పవతితో సహా చంద్రమౌళి కూడా వచ్చేశారు. ఇల్లు ముక్త్యాల రోడ్డు మీదే. ఇల్లు బాగుంటుంది గానీ గేటు ముందునుంచి పగలంతా సిమెంటు లారీలు. ఒక్కో లారీది ఒక్కో హారను. ఒకటి ఏనుగు ఘీంకారం, ఒకటి పసిబిడ్డ ఏడుపు, ఒకటి సినిమా పాట.

ఆ ఇంట్లో రెండో తరగతి చదివే పిల్ల ఒకతి ఉంది, మనవరాలు నీహారిక. కొత్తలో ఆ పిల్ల హారను వినబడితే చాలు, చెవులు మూసుకుని నానమ్మ చీర కుచ్చిళ్లలో దూరిపోయేది. బడి ఆటో కోసం గేటు దగ్గర నిలబెట్టాలంటే ఇంటిల్లిపాదీ బతిమాలాలి. అలాంటిది ఈమధ్య తానే సంచి తగిలించుకుని వెళ్లి గేటు దగ్గర ఒక్కతే నిలబడుతోంది. ఎలా మారిందో ఎవరికీ తెలియదు. పెద్దదవుతోందిలే అనుకున్నారు.

అసలు సంగతి ఒక ఆదివారం చంద్రమౌళి వరండాలో బల్ల మీద కూర్చున్నప్పుడు బయటపడింది.

"తాతయ్యా! లే! లే లే లే!"

"ఏంటే, తేలా?" అంటూ ఆయన ఎగిరి నిలబడ్డారు.

"లుంబిడి మీద కూర్చున్నావ్!"

"ఎవరి మీద?"

"లుంబిడి మీద. పాపం, దాని చెవి నలిగిపోయింది."

చంద్రమౌళి బల్ల మీద చూశారు, బల్ల కింద చూశారు. "ఏదీ, కనబడదే?"

"నీకు కనబడదులే."

లోపల కూర తరుగుతున్న పుష్పవతి గొంతు వచ్చింది. "సారీ చెప్పండి దానికి. ఇంట్లో మనుషులకి ఎట్టాగూ చెప్పరు."

ఆ మధ్యాహ్నమంతా ఆయన ఆరా తీశారు. లుంబిడి అంటే ఒక జంతువు. మేకపిల్లంత ఎత్తు. చెవులు మాత్రం చేటలంత. రంగు దానికి ఆ పూట ఏది తోస్తే అది. మేత హారన్లు.

"హారన్లు తింటదా?"

"ఊఁ. లారీ వచ్చి పోం అందనుకో, ఇది నోరు తెరుస్తది. సగం తినేస్తది. మిగతా సగమే మనకి వినబడేది."

"ఓహో! అందుకా నువ్వు గేటు దగ్గర ఒక్కదానివే నిలబడుతున్నావ్?"

"ఒక్కదాన్నే ఏంటి? అది ఉంటది కదా పక్కన."

చంద్రమౌళి వెంటనే జేబులో కలం తడుముకున్నారు. అన్నాళ్లనుంచి ఎండుతున్న కలానికి తడి తగిలింది. భోజనాల దగ్గర ప్రకటించారు. ఈ లుంబిడి మీద ఒక పుస్తకం. పిల్లల కోసం. ఘట్టాలు ఘట్టాలుగా, ప్రాస తప్పకుండా. నీహారిక పుట్టినరోజుకి వచ్చిన పిల్లలందరికీ రిటర్న్ గిఫ్టుగా తలా ఒకటి.

"మంచిదే నాన్నా" అన్నాడు కల్యాణ్. "పెన్సిలు బాక్సులిచ్చే బాధ తప్పింది."

"బాగుందండి మావయ్యగారూ" అంది ఉషశ్రీ.

"ఆ జంతువుకైనా ఓపికుంటే అంతే చాలు" అంది పుష్పవతి, ఆయన కంచంలో పప్పు వేస్తూ.

మొదటి ఘట్టం రెండు రోజుల్లో తయారైంది. చంద్రమౌళి పిల్లను బల్ల మీద కూర్చోబెట్టుకుని, బల్లలో మూడోవంతు ఖాళీ వదిలి, చదివారు.

వెంబడి వెంబడి లుంబిడి, ఇది
వీధుల తిరిగే లుంబిడి.
చెవులవి రెండూ చేటలు, దీని
చేతలు చూస్తే ఆటలు.
లారీ హారను కూతలు, దీని
ఆకలి తీర్చే మేతలు.
పీ పీ అంటే ఫలహారం!
భోం భోం అంటే ఆహారం!

"ఫలహారం అంటే?"

"టిఫినే తల్లీ."

"మరి రాత్రిపూట ఏం తింటది? రాత్రి లారీలు తక్కువ కదా."

ఆయనకు ఆ ఆలోచన రాలేదు. "నువ్వే చెప్పు."

"గేటు కిర్రుమన్న చప్పుడు. అది చాక్లెట్ లాగా."

రెండో ఘట్టం గేటు చప్పుడు మీద వచ్చింది. నీహారిక గేటు తీసినప్పుడల్లా ఆ పాదాలు పాడింది, బడి ఆటోలో పాడింది. ఆటోలో పిల్లలందరికీ వచ్చేశాయి. చంద్రమౌళి గేటు దగ్గర నిలబడి, తన పద్యం ఆటో ఎక్కి పేట సెంటరు వైపు పోవడం చూసి మీసం దువ్వుకున్నారు. ఏ పెళ్లిలోనూ ఆయన పద్యం పందిరి దాటి ఇంత దూరం పోలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది.

కవికి అచ్చు గురించి ఊరుకోవడం చేతకాదు. ఫోనులో నలుగురికి చెప్పారు. ఆ నలుగురిలో బ్రహ్మయ్య ఒకడు. పుష్పవతి తమ్ముడు. నందిగామలో హైవే పక్కనే ఎరువుల కొట్టు. ఆయన పేరు లేకుండా ఇంతవరకు చంద్రమౌళి బంధువర్గంలో ఏ పెళ్లి పద్యమూ అచ్చుకాలేదు. ఆ మర్నాడే నందిగామ బస్సు దిగాడు.

"బావా, పుస్తకం వేస్తున్నావంట. చాలా సంతోషం. నన్ను ఏ పేజీలో పెట్టావ్?"

"అది జంతువు కథ బ్రహ్మయ్యా. అందులో మనుషులు లేరు."

"జంతువైతే మాత్రం? చెవులు చేటలంత అని రాశావంటగా?"

"రాశా."

"అంత చెవులు కుట్టించకుండా వదిలేస్తారా? కుట్టించేదెవరు? మేనమామేగా! మేనమామ లేకుండా ఆ చెవులకి పోగులు ఎవరు పెడతారు బావా, నువ్వే చెప్పు."

చంద్రమౌళి తల ఊపారు. నిజమే కదా అనిపించింది. మూడో ఘట్టం లుంబిడి చెవులు కుట్టించే వేడుక.

లుంబిడి మేనమామ బ్రహ్మయ్యగారు,
నందిగామలోన నెంబరు వన్ వారు,
ఎరువుల కొట్టుకు ఎదురే లేరు,
ఏనాడు ఎవరికీ లేదనబోరు!

బ్రహ్మయ్య చదివించుకుని విన్నాడు. "చివరి పాదం అప్పుల వాళ్ల కంట పడకుండా చూడు బావా" అన్నాడు గానీ, మొహం వెలిగిపోయింది. పోతూ పోతూ మరో నలుగురికి ఫోను చేశాడు.

చందర్లపాడు నుంచి తోడల్లుడు శాంతికుమార్ ఫోను చేశాడు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. మరి లుంబిడికి అక్షరాభ్యాసం చేసేదెవరు? నాలుగో ఘట్టం. ఒక పినమామగారికి బావి ఉంది, లుంబిడి నీళ్లు తాగాలి కదా. ఐదో ఘట్టం. చుట్టరికాలు అందుకున్నకొద్దీ చంద్రమౌళి కలం పాత ఊపందుకుంది. అన్నానికి రమ్మంటే వినబడేది కాదు. లుంబిడికి ముత్తాత దొరికాడు, ఇంటిపేరు దొరికింది, పంపకాల్లో రావలసిన వాటా ఒకటి దొరికింది. హారన్లు తినే తీరిక మాత్రం దానికి దొరకలేదు.

"నీ పేరు ఎక్కడ పెట్టమంటావు పుష్పా?" అని ఆయనే అడిగారు ఒకరోజు, దయగా.

"నా పేరు వద్దులెండి. ఇప్పుడున్న వాళ్లకి వండటమే సరిపోతోంది. మళ్లీ ఆ జంతువుకి, దాని చుట్టాలకి కూడానా?"

పుట్టినరోజు ఇంకా కొద్ది వారాలుందనగా, ఒక ఆదివారం కొత్త ఘట్టాలు వినిపించడానికి చంద్రమౌళి అందరినీ పిలిచారు. బ్రహ్మయ్యది ముందు కుర్చీ. శాంతికుమార్ ఇస్త్రీ మడతలతో వచ్చాడు. నీహారికను మధ్యలో చాప మీద కూర్చోబెట్టారు. ఆయన రాగం తీస్తుంటే పాత రోజులు తిరిగొచ్చినట్టే ఉంది. పేరు వచ్చినప్పుడల్లా ఒకరు నిటారుగా కూర్చున్నారు, పక్కవాళ్ల వంక చూశారు. చివర చప్పట్లు.

బ్రహ్మయ్య పిల్లను దగ్గరికి లాక్కుని బుగ్గ గిల్లాడు. "అయితే అమ్మడూ, నేను నీ లుంబిడికి మేనమామని అయ్యాగా! మరి నీకేమవుతానో చెప్పు?"

పిల్ల నేల వంక చూసింది.

"చెప్పవే. మీ నాన్నకి నేనేమవుతా? మేనమామ. మరి నీకు?"

"నన్ను చెప్పు ముందు" అన్నాడు శాంతికుమార్. "నేనేమవుతా?"

"సిగ్గు" అన్నారెవరో. అందరూ నవ్వారు. నీహారిక చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్లిపోయింది. టీలు వచ్చాయి. ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున బడి ఆటో టైముకి పిల్ల గేటు దగ్గరికి వెళ్లింది. ముక్త్యాల వైపునుంచి లారీ ఒకటి వచ్చి, ఆవు అడ్డమొస్తే గట్టిగా హారను కొట్టింది. నీహారిక రెండు చెవులూ మూసుకుని, సంచి అక్కడే పడేసి, ఏడుస్తూ లోపలికి పరుగెత్తింది. ఆటో వచ్చింది, కాసేపు చూసింది, వెళ్లిపోయింది.

చంద్రమౌళి సంచి తీసుకుని లోపలికి వచ్చారు. పిల్ల నానమ్మ కుచ్చిళ్లలో ఉంది, కొత్తలో ఉన్నట్టే.

"లుంబిడి ఏదే? తినలేదా ఇవాళ?"

"లేదు."

"లేదంటే?"

"లేదు అంతే. వెళ్లిపోయింది."

ఆ వారమంతా అంతే. కల్యాణ్ ఫ్యాక్టరీకి ఆలస్యంగా వెళుతూ పిల్లను బండి మీద బడిలో దింపాడు. దారిలో చెవుల్లో దూది. ఉషశ్రీ డాక్టరుకి చూపిద్దామంది. చంద్రమౌళికి అన్నం సహించలేదు. లుంబిడిని వెనక్కి పిలిచే పద్యం ఒకటి కట్టి, మంచి రాగంలో మొదలుపెట్టారు. నీహారిక చెవులు మూసుకుంది. ఆయన పద్యానికి చెవులు మూసుకున్న మొదటి శ్రోత ఆ పిల్లే. నిద్రపోయినవాళ్లు ఉన్నారు గానీ, అది వేరు.

ఒక సాయంత్రం పుష్పవతి పిల్లకి నూనె రాసి జడ వేస్తోంది. చంద్రమౌళి గడపలో కూర్చుని, మెల్లగా అడిగారు.

"పోనీ, ఎందుకెళ్లిందో అదైనా చెప్పవే. నేనేమన్నా తప్పు రాశానా? చెవుల సంగతా?"

 జడ సగమయ్యాక పిల్ల అంది.

"అది నన్నేమీ అడిగేది కాదు తాతయ్యా. ఊరికే వచ్చి పక్కన కూర్చునేది. నువ్వు దానికి మేనమామని పెట్టావ్. బాబాయిని పెట్టావ్. వాళ్లందరూ వచ్చి అడుగుతారుగా, నేను నీకేమవుతానో చెప్పు, చెప్పు అని. దానికి రాదు. చెప్పకపోతే నవ్వుతారు. అందుకని వెళ్లిపోయింది."

"ఎక్కడికి?"

"చుట్టాలు లేని చోటికి."

"అలాంటి చోటు ఈ జిల్లాలో ఎక్కడుందో కనుక్కో తల్లీ" అంది పుష్పవతి, రిబ్బను ముడివేస్తూ. "నేనూ వస్తా."

చంద్రమౌళి నవ్వలేదు. లేచి వరండాలోకి వెళ్లారు. బల్ల మీద కూర్చోబోయి, కూర్చోలేక, మెట్టు మీద కూర్చున్నారు. పేరు పిలిస్తే మొహం వికసించని మనిషిని ఆయన అంతవరకు చూడలేదు. పిలవకపోతే విస్తరి ముందునుంచి లేచిపోయినవాళ్లనే చూశారు. పిలిస్తే పారిపోయేవాళ్లు కూడా ఉంటారని, అదీ తన ఇంట్లోనే ఉంటారని, ఇన్ని పందిళ్లు తిరిగినా తెలియలేదు. బ్రహ్మయ్య పిల్ల బుగ్గ గిల్లినప్పుడు తానూ నవ్విన సంగతి గుర్తొచ్చింది.

పొద్దున్నే ప్రెస్సుకి వెళ్లారు. నన్నే సాహెబ్ పోయాక ఇప్పుడు కొడుకు అబ్బాస్ చూసుకుంటున్నాడు. శుభలేఖలు, ఫ్లెక్సీలు, బిల్లు బుక్కులు. ఎదురుగా కంప్యూటర్లో పుస్తకం అట్ట సిద్ధంగా ఉంది. పైన గుండ్రాల్లో బ్రహ్మయ్య, శాంతికుమార్, ఇంకా కొందరు పెద్దల ఫోటోలు. కింద ఎక్కడో కుందేలు చెవులు అతికించిన ఆవుదూడ ఒకటి.

"రండి కవిగారూ! అట్ట అదిరింది చూడండి. పెద్దలందరూ దీవిస్తున్నట్టు పెట్టా."

"ఫోటోలు తీసెయ్ అబ్బాస్."

"ఏంటి, చిన్నవి చేయాలా?"

"తీసెయ్యాలి. దూడని కూడా. మూడో ఘట్టం నుంచి చివరిదాకా కూడా తీసెయ్."

అబ్బాస్ కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "తీస్తే పుస్తకంలో పేజీ నంబర్లే మిగులుతాయండి."

"మిగలనీ. కొత్తవి రాసిస్తా."

"మరి ముందున్న కవి పరిచయం? మూడు పేజీలు. మీ శాలువా ఫోటోతో."

చంద్రమౌళి తెర వంక చూశారు. సూపరింటెండింగ్ ఇంజనీరు సీసపద్యం అందులో ఉంది. కరెంటు పోయిన పెళ్లి ఉంది. ఇద్దరు వియ్యంకుల చప్పట్లు ఉన్నాయి. ఆయన బయటికి వెళ్లి టీ తాగారు. ఇంకో టీ తాగారు. వచ్చి, "అదీ తీసెయ్" అన్నారు.

"మా నాన్న ఉంటే ఈ మాటకి మిషను ఆపేసేవాడు" అన్నాడు అబ్బాస్. కానీ తీసేశాడు.

ఇక మిగిలింది బ్రహ్మయ్య. ఫోనులో చెప్పారు.

"ఏంటి బావా, ఏంటి? నా పేరు తీసేశావా? చెవులు ఎవరు కుట్టించారని రాశావ్ మరి?"

"కుట్టించలేదు. ఉత్త చెవులే."

"నేను కొట్లో అందరికీ చెప్పుకున్నా! పురుగుమందు కొనడానికి వచ్చినోళ్లక్కూడా చదివి వినిపించా! ఆ చిన్నపిల్ల ఏదో అందని, బావమరిది పేరు కొట్టేస్తావా?"

"ఆ చిన్నపిల్లదే బ్రహ్మయ్యా ఆ జంతువు. మనది కాదు."

"అయితే పుట్టినరోజుకి నేను రాను."

పూర్వం అయితే చంద్రమౌళి ఫోను పెట్టకుండానే పద్యం కట్టి ఉండేవారు. "నీ ఇష్టం" అన్నారు. ఫోను పెట్టేశారు. అవతల పుష్పవతి వింటూనే ఉంది. తమ్ముడి పక్షం మాట్లాడుతుందేమోనని ఆయన చూశారు. ఆమె మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చి, "గట్టిగానే అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లకి" అని వెళ్లిపోయింది.

కొత్త ఘట్టాలు రాయడం ఆయనకి యాతన అయింది. పాదం అందుకోగానే ఏదో ఒక పేరు వచ్చి కూర్చునేది. దాన్ని లేపి పంపేసరికి ప్రాస పోయేది. అయినా రాశారు. రాసి, నీహారికని పిలవలేదు. వరండాలో బల్లకి దూరంగా, గోడవైపు తిరిగి, రాగం తీయకుండా, తనకు తాను చదువుకుంటున్నట్టు చదివారు. తలుపు వెనక కాళ్ల పట్టీలు చప్పుడు చేశాయి. ఆయన తిరగలేదు.

నువ్వెవరంటూ అడగదు,
నవ్వకపోతే అలగదు.
పక్కన వచ్చి కూర్చుంటుంది,
పలకకపోయినా ఊరుకుంటుంది.

మర్నాడు కూడా అదే వేళకి చదివారు. ఆ మర్నాడు ఇంకో ఘట్టం. తలుపు వెనక పట్టీలు గడప దాకా వచ్చాయి. నాలుగో రోజో ఐదో రోజో, చదవడం మధ్యలో ఉండగా, వెనకనుంచి గొంతు వచ్చింది.

"తాతయ్యా, ఆ కుర్చీ కొంచెం అటు జరుపుకో."

ఎందుకని అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశారు. కుర్చీ జరుపుకున్నారు. ఇంకా కొంచెం అంటే ఇంకా కొంచెం జరుపుకున్నారు. గోడకి ఆనేదాకా జరుపుకుని, ఇరుకులో మోకాళ్లు ముడుచుకుని, మిగతాది చదివారు. అయ్యాక నీహారిక అంది, "అలగదు అన్నావుగా, కరెక్టే. కానీ ఒక్కసారి అలిగింది. అది రాయకు."

"రాయను."

ఆ తర్వాత మూడో నాడు ఆటో వచ్చే వేళకి నీహారిక సంచి తగిలించుకుని గేటు దగ్గరికి వెళ్లింది. కల్యాణ్ బండి తీయబోతే పుష్పవతి ఊరుకోమని సైగ చేసింది. లారీ వచ్చింది. చంద్రమౌళి కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డారు. హారను మోగింది. పిల్ల భుజాలు ఒకసారి పైకి లేచాయి. చేతులు మాత్రం సంచి పట్టీల మీదే ఉన్నాయి. ఆటో వచ్చింది, ఎక్కింది. పక్కన కూర్చున్న పిల్లని కాస్త జరగమంది.

పుట్టినరోజుకి పుస్తకాలు కట్టలుగా వచ్చాయి. సన్నటి పుస్తకం. అట్ట మీద లుంబిడి అనే పేరు, అంతే. బొమ్మ కూడా వద్దంది నీహారిక, అందరికీ ఒకేలా కనబడితే దానికి నచ్చదట. పిల్లలు కేకు తిన్న చేతులతో పేజీలు తిప్పి, అప్పుడే గట్టిగా చదవడం మొదలుపెట్టారు. పెద్దవాళ్లు కొందరు మాత్రం ముందుకీ వెనక్కీ తిప్పి, ఏదో వెతికి, మూసేసి జేబులో పెట్టుకున్నారు.

పిల్లలంతా వెళ్లిపోతున్న వేళకి బ్రహ్మయ్య వచ్చాడు. రానన్నవాడు కదా, మెట్ల మీదే నిలబడి, "నేను అక్కని చూసిపోదామని వచ్చా, ఎవరి కోసమో కాదు" అని గోడతో చెప్పాడు. పుష్పవతి కూర్చోబెట్టి కేకు పెట్టింది. చేతికి పుస్తకం కూడా ఇచ్చింది. ఆయన దాన్ని మొదటినుంచి చివరికి తిప్పాడు. చివరినుంచి మొదటికి తిప్పాడు. ఎక్కడా ఎవరూ లేరు. బావ పేరు కూడా లేదు.  తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుని, మొదటి పేజీ నుంచి పెదవులు కదుపుతూ చదివాడు. గేటు చప్పుడు ఘట్టం దగ్గర చిన్నగా నవ్వాడు. 'పలకకపోయినా ఊరుకుంటుంది' దగ్గర ఆగి, రోడ్డు వంక చూశాడు.

చంద్రమౌళి ఎదురుగా కూర్చుని, అవతలివాడి మొహంలో ఏ పాదం పడుతోందో చూస్తున్నారు. అలవాటు ఎక్కడికి పోతుంది?

బ్రహ్మయ్య లేచి, ఒక చెప్పు వేసుకున్నాడు. రెండోది వేసుకోకుండా నీహారిక దగ్గరికి వెళ్లాడు. బుగ్గ వైపు వెళ్లబోయిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ఏమ్మా, ఆ లుంబిడి నందిగామ దాకా వచ్చుద్దా?"

"ఎందుకు?"

"మా కొట్టు హైవే మీదేగా. హారన్లు తిన్నన్ని దొరుకుతాయి. బస్సులవి, లారీలవి, అన్నీ. మధ్యాహ్నం పూట నాకు... ఊరికే, కాసేపు కూర్చుని వెళ్లినా చాలు."

నీహారిక ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"అడిగి చెప్తా. కానీ మీరు దాన్నేమీ అడక్కూడదు."

"నేనెందుకు అడుగుతా? అస్సలు అడగను."

పిల్ల లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. బయట నందిగామ బస్సు వెళ్లిపోయింది. "ఇంకో బస్సు ఉందిలేరా, కూర్చో" అంది పుష్పవతి. ఆయన కూర్చోలేదు. లోపలినుంచి మాటలు వినబడుతున్నాయి. ఒకటే గొంతు, అడుగుతోంది, ఆగుతోంది, మళ్లీ అడుగుతోంది. బ్రహ్మయ్య ఒక కాలికి చెప్పుతో తలుపు దగ్గరికి వంగి, రెండో గొంతు కోసం చెవి ఒగ్గి నిలబడ్డాడు.